ఉపగ్రహ చిత్రంలో తెలుపంతా ఎండ కాదు

సంపాదకులకు,

బంగాళాఖాతంలో అల్పపీడనం పడగానే పత్రికల్లో ఇన్సాట్ ఉపగ్రహ చిత్రం వస్తుంది. మేఘాలు, మంచు ఎండను తిప్పికొట్టి తెల్లగా కనిపిస్తున్నాయన్న వివరణా దాని కింద వస్తుంది. మామూలు వెలుతురులో తీసిన చిత్రానికైతే అది సరే. కానీ ఎక్కువగా వేసేది 10.8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు; ఇక్కడది తరంగదైర్ఘ్యం) పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) చిత్రం. అందులో ఎండ పాత్ర దాదాపు లేదు. ఉంటే అర్ధరాత్రి చిత్రం ఎలా వస్తుంది? అక్కడ కొలిచేది మేఘం పైభాగం వెలువరించే వేడిని. చల్లగా ఉన్నదాన్ని తెల్లగా చూపడం మనం పెట్టుకున్న ఆనవాయితీ.

అందుకే శీతాకాలం తెల్లవారుజామున హైవేను కమ్మే పొగమంచు ఆ చిత్రానికి చిక్కదు. దాని పైభాగం ఇంచుమించు నేలంత వేడిగానే ఉంటుంది. దాన్ని పట్టేది 3.9 మైక్రాన్ల ఛానెల్, అంటే ఆ తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచే చిత్రం. సన్నటి నీటి తుంపరలు అక్కడ వేడిని తక్కువగా వెలువరిస్తాయి కాబట్టి రాత్రిపూట 10.8 కంటే కొన్ని డిగ్రీలు తక్కువ నమోదవుతుంది. ఆ తేడాయే పొగమంచు జాడ. పొద్దెక్కితే ఇదే ఛానెల్‌లో ఎండ కలిసి లెక్క తారుమారవుతుంది.

ఎండను తిప్పికొట్టే సంగతే రాయాలంటే 1.6 మైక్రాన్ల చిత్రం వేయండి. మామూలు వెలుతురులో హిమాలయాల మంచూ, దాని మీది మేఘమూ ఒకే తెలుపు. 1.6 దగ్గర నీటి మేఘం తెల్లగానే ఉంటుంది, నేల మీది మంచు నల్లబడుతుంది! ఆ కాంతిని నీటికన్నా మంచు ఎక్కువ పీల్చుకుంటుంది; దానికి తోడు రేణువు సైజు. మేఘంలోని నీటి బిందువు 10 మైక్రాన్ల పాటిది, కాంతి ఇంకేలోపే బయటపడుతుంది. మంచు పలుకులు అంతకు పదుల రెట్లు పెద్దవి, కాంతి లోపలే ఇంకిపోతుంది. ఎత్తున ఉండే మంచు స్ఫటికాల మేఘం ఆ తెలుపు నలుపులకు నడిమధ్యన, బూడిద రంగులో తేలుతుంది.

మంచు విస్తీర్ణం లెక్కకట్టేవారు నేల తిప్పికొట్టిన ఆకుపచ్చ కాంతి విలువలోంచి 1.6 విలువ తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తారు. 0.4 దాటితే మంచు. చిక్కేమిటంటే సరస్సు నీళ్లు కూడా ఒక్కోసారి ఈ పరీక్ష నెగ్గేస్తాయి. అందుకే మరీ చీకటిగా ఉన్న చోట్లను ముందే పక్కన పెట్టాలి.

చిత్రం కింద ఛానెల్ పేరు వేయండి. మూలన ఉన్నది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయమైతే, మన సమయం కోసం అయిదున్నర గంటలు కలపాలి. పేజీలో ఇమడదని పక్కనున్న ఉష్ణోగ్రతల పట్టీని కత్తిరించకండి. అది లేకపోతే మైనస్ 20 డిగ్రీల మేఘమేదో, మైనస్ 70 డిగ్రీల మేఘమేదో చెప్పడం మాకే కష్టం.

– ఉపగ్రహ చిత్రాల విశ్లేషకులు, హైదరాబాద్