బ్రిటన్ ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

1833 నాటి బానిసత్వ రద్దు చట్టం కింద మీ ప్రభుత్వం మంజూరు చేసిన 2 కోట్ల పౌండ్ల పరిహారం చెరకు తోటల్లో చాకిరీ చేసినవారికి కాక, వారిని ఆస్తిగా లెక్కగట్టుకున్న యజమానులకు ముట్టింది. అందుకోసం చేసిన అప్పు 2015లో గాని తీరలేదు గనుక, ఇక్కడ పన్నులు కట్టిన కరీబియన్ సంతతివారూ, నాబోటి తెలుగువారూ ఆ బాకీని తలా కాస్త మోసినట్టే. విముక్తులకు దక్కింది మాత్రం అప్రెంటిస్‌షిప్ పేరిట 1838 దాకా సాగిన వెట్టి. (వారికి బదులుగా కోరంగి రేవు నుంచి మావాళ్లను మారిషస్ తోటలకు ఓడలెక్కించడం మరో కథ.)

అంత పాత సంగతికి ఇప్పుడెవరు బాధ్యులని అడిగేవారికి మీ ఖజానా లెక్కలే చూపించండి. కరీబియన్ దేశాల కూటమి అయిన కరికామ్ బానిసత్వానికి పరిహారం కోరుతూ 2014లో ముందుంచిన పది అంశాల ప్రణాళికపై, నష్టపరిహారం అన్న మాటను పక్కకు నెట్టకుండా, చర్చకు కూర్చోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
లండన్‌లో పన్ను కడుతున్న ఒక తెలుగువాడు