కైమా, బంగాళాదుంపలు, గంటన్నర ఓపిక

మాన్‌కేటో,
ఆదివారం రాత్రి

ప్రియమైన ప్రసాద్‌కు,

నీ ఉత్తరం అందింది. పెద్దవాడి పోరు పడలేక చివరికి ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్ కొన్నావనీ, కేకుల కోసమని తెచ్చిన ఆ పెట్టె రెండో వారానికల్లా అప్పడాలు కాల్చుకోవడానికి మాత్రమే మిగిలిందనీ నువ్వు రాసిన మాటలు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. క్రిస్మస్‌నాటి ఫొటోలో మా బల్ల మధ్య గాజుపళ్ళెంలో పైన బంగారు రంగు తిరిగి కనిపించినది ఏమిటని అడిగావు. అది కేకు కాదు. గొడ్డుమాంసం కైమా, బంగాళాదుంపలు పొరలు పొరలుగా పేర్చి ఓవెన్‌లో ఉడికించిన వంటకం. కూర అందామంటే దాన్ని అన్నంలో కలుపుకోరు. అన్నమూ అదే, కూరా అదే. ఈ రాత్రి కూడా మా భోజనం అదే కాబట్టి, గిన్నెలు కడగడం కాసేపు వాయిదా వేసి, చేతికి ఉల్లిపాయ వాసన ఉండగానే నీకు రాస్తున్నాను.

అమెరికాలో మిగతాచోట్ల దీన్ని క్యాసెరోల్ అంటారు. మా మిన్నెసోటా రాష్ట్రంలో మాత్రం హాట్‌డిష్ అనాలి. క్యాసెరోల్ అంటే నువ్వు పైఊరివాడివని వెంటనే తెలిసిపోతుంది. ఈ పేరుతో అచ్చయిన తొలి వంటకం మా మాన్‌కేటోలోని గ్రేస్ లూథరన్ చర్చి మహిళా సంఘం 1930లో వేసిన వంటల పుస్తకంలోనిదేనని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. అందులో బంగాళాదుంప లేదు. కైమా, మాకరోనీ, డబ్బా బఠాణీలు, టమాటో సూపు ఉన్నాయి. అవి గడ్డు రోజులు కదా, కాస్త మాంసంతో ఇంటిల్లిపాదికీ కడుపు నింపవలసిన అవసరంలోంచి పుట్టిన తిండి ఇది. మా నాయనమ్మ పావుకిలో పెద్దకూరలో అరకిలో దోసకాయ వేసి తొమ్మిదిమందికి సరిపెట్టిన రోజులు నీకు తెలియనివి కావు. ఆ లెక్క అర్థమైన తర్వాతే ఈ వంట మీద నాకు గౌరవం కలిగింది.

అంతకు ముందు ఏమాత్రం లేదని ఒప్పుకోవాలి. మేము వచ్చిన తొలి చలికాలంలో ఒక చర్చి నేలమాళిగలో జరిగిన విందుకు పిలిచారు. పొడవాటి బల్లమీద పది పన్నెండు గాజుపళ్ళేలు, ప్రతి పళ్ళెం అడుగున ఇంటిపేరు రాసిన టేపు ముక్క. పళ్ళేలు తారుమారు కాకుండా అది వాళ్ళ ఏర్పాటు. మన పెళ్ళిళ్ళలో గిన్నెలమీద పేర్లు కొట్టించినట్టే. పెట్టించుకొని నోట్లో పెట్టుకుంటే ఉప్పు, మిరియాలు తప్ప ఇంకే రుచీ తగలలేదు. ఇది రోగులకు పెట్టే చప్పిడి పథ్యమని ఆ రాత్రి ఇంటికొచ్చి వెక్కిరించాను. మా అమ్మాయి మాత్రం రెండోసారి పెట్టించుకొని తిన్నది. బడిలో స్నేహితురాళ్ళ ఇళ్ళలో తిని వచ్చి, అదే మన ఇంట్లోనూ చేయమని వెంటపడింది.

చేశాను, కానీ నా పద్ధతిలో చేశాను. అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాలపొడి, గరంమసాలా, రెండు చెంచాల కారం, పైగా పులుపు కోసం నాలుగు టమాటాలు వేసి కైమా వేయించి, దాని మధ్య దుంపముక్కలు పరిచి ఓవెన్‌లో పెట్టాను. వాసన వీధిచివరి దాకా వెళ్ళింది. గంటన్నర తర్వాత తీసి చూస్తే మాంసం ఎండిపోయింది, దుంపలు మాత్రం పంటికింద కరకరమంటున్నాయి. ఇంకో అరగంట పెట్టాను, మరో అరగంట పెట్టాను. మాంసం మాడింది గాని దుంప మెత్తబడలేదు. అమ్మాయి ఒక ముద్ద తిని, “నాన్నా, ఇది కైమా కూరా కాదు, హాట్‌డిషూ కాదు” అని తీర్పు చెప్పి పాలు, సీరియల్ పోసుకుంది. ఓవెన్‌దే తప్పని చాలాకాలం నమ్మాను. అసలు దోషి టమాటా. దుంపలోని కణాలను అంటిపెట్టుకొని ఉంచే పెక్టిన్ అనే పదార్థం వేడికి కరిగితేనే దుంప మెత్తబడుతుంది. పులుపు తగిలితే అది కరగకుండా మొండికేస్తుంది. బంగాళాదుంప పులుసుకు దుంపలు విడిగా ఉడకబెట్టుకొని ఆ తర్వాతే చింతపండు రసం పోసే అమ్మ ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే ఎరుగును. నేను చదివి గాని తెలుసుకోలేదు.

ఇక నువ్వు అడిగిన పద్ధతి. మా పళ్ళెం 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు. నలుగురికి రెండు పూటలు వస్తుంది. దానికి 700 గ్రాముల కైమా, కిలో పైచిలుకు దుంపలు, ఒక పెద్ద ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు కప్పుల తురిమిన చెడ్డార్ చీజ్ కావాలి. ఇక్కడ కైమా ప్యాకెట్ మీద మాంసమెంతో కొవ్వెంతో శాతాల్లో అచ్చువేసి ఉంటుంది; నేను 85కు 15 పాళ్ళలో ఉన్నది తెస్తాను. మీ దగ్గర దొరికేది గేదె మాంసం, కొవ్వు తక్కువ, కాబట్టి వేయించేటప్పుడు ఒక చెంచా వెన్న ఎక్కువ వేసుకో. ఇంట్లో పెద్దకూర తినని వాళ్ళుంటే మేకమాంసం కైమాతోనూ బాగానే వస్తుంది. కోడి కైమా మాత్రం వద్దు, గంటన్నరలో పిప్పి అవుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన పని మాంసం వేయించడం. మనకు కైమా మూకుట్లో పడగానే గరిటెతో కలియబెట్టే అలవాటు. అలా కలిపితే నీరు ఊరి, మాంసం ఆ నీటిలోనే ఉడికి బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ పైన ఎంతసేపు ఓవెన్‌లో పెట్టినా రుచి పుట్టదు. వెడల్పాటి ఇనప మూకుడు పొగ రాబోయేంత కాగనిచ్చి, కైమాను సగం సగంగా, దిబ్బరొట్టె వేసినట్టు పరిచి, కదపకుండా నాలుగు నిమిషాలు వదిలెయ్యి. మొదట చిటపటమంటుంది, ఆ తర్వాత చప్పుడు సన్నగిల్లి అంచులు ముదురు గోధుమరంగుకు వస్తాయి. అప్పుడు అట్లకాడ దూర్చి తిరగేస్తే అడుగున దోసె పొరలాంటి పొర కనిపిస్తుంది. మసాలా లేని ఈ వంటలో మసాలా చేయవలసిన పని ఆ పొరే చేస్తుంది. తర్వాత చిదిపి, ఊరిన కొవ్వులో రెండు చెంచాలు ఉంచి మిగతాది డబ్బాలో వంచుకో. సింకులో పోస్తే గొట్టంలో గడ్డకట్టి, మా ఇంట్లో ఒక జనవరిలో జరిగినట్టు, ప్లంబరుకు పండగ అవుతుంది. ఆ కొవ్వులోనే ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించి, ఉప్పు, అప్పుడే దంచిన మిరియాలు రెండు చెంచాలు వేయి. మిరియాల విషయంలో ఇక్కడివారి కొలత పాటించకు, వాళ్ళది చిటికెడు.

దుంపలు పలచగా, సమంగా తరగాలి. రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత మందం చాలు. మందంగా తరిగితే మధ్యలో పచ్చిగా మిగులుతాయి, మరీ పలచనైతే పేస్టు అవుతాయి. ఇక్కడ రస్సెట్ అనే గరుకు తొక్క దుంప వాడతాను, అది పిండిగా ఉడికి గుజ్జును పీల్చుకుంటుంది. మనవైపు కొత్త దుంపలకంటె నిలవ దుంపలే దీనికి మేలు. తరిగిన ముక్కలను నీళ్ళలో నానబెట్టకు; వాటినంటిన గంజే గుజ్జు చిక్కబడటానికి పనికొస్తుంది.

అన్నిటినీ పట్టి ఉంచే గుజ్జుకు ఇక్కడందరూ డబ్బా పుట్టగొడుగుల సూపు పోస్తారు. 1934లో క్యాంప్‌బెల్ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టినప్పటి నుండి ఈ ప్రాంతపు వంటింట్లో అది ఎంతగా పాతుకుపోయిందంటే, లూథరన్ల జిగురు అని దానికి వేళాకోళపు పేరు కూడా ఉన్నది. మొదట్లో నాకు డబ్బా మాటే గిట్టేది కాదు. పాలు నేరుగా పోసి చూస్తే ఓవెన్ వేడికి విరిగి, పళ్ళెం అడుగున నీళ్ళు, పైన పెరుగు తరకల్లాంటివి తేలాయి. డబ్బా సూపులో పిండి ఉంటుంది, అది పాలను విరగనివ్వదు. నీకు డబ్బా అవసరం లేదు: 50 గ్రాముల వెన్నలో నాలుగు చెంచాల మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, అర లీటరు పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండకట్టకుండా కలిపి, విడిగా వేయించిన పుట్టగొడుగు ముక్కలు వేస్తే సరిపోతుంది. ఇది గరిటెజారుగా ఉండాలి, ఉప్పు ఒక పిసరు ఎక్కువుండాలి, ఎందుకంటే దుంప ఉప్పును మింగేస్తుంది.

వెన్న రాసిన పళ్ళెంలో దుంపలు, కైమా, గుజ్జు, మళ్ళీ దుంపలు, కైమా, గుజ్జు. ఫాయిల్ గట్టిగా బిగించి 175 డిగ్రీల సెల్సియస్‌లో ఒక గంట. తర్వాత ఫాయిల్ తీసి, చాకు మొన దుంపలో ఆగకుండా దిగుతున్నదని చూసుకొని, చీజ్ చల్లి మరో ఇరవై నిమిషాలు. చీజ్ ఇంట్లోనే తురుముకో. తురిమి అమ్మేదాన్ని అతుక్కోకుండా పిండి పట్టించి ఉంచుతారు, అది హాయిగా కరగదు. బయటకు తీశాక పదిహేను నిమిషాలు ముట్టుకోవద్దు. ఈ పదిహేను నిమిషాలే ఇంట్లో అందరికీ కష్టకాలం. వెంటనే కోస్తే గుజ్జంతా జారి పళ్ళెం చెరువవుతుంది, ఆగితే ముక్క ముక్కగా లేస్తుంది.

దుంపలు తరిగే ఓపిక లేనివాళ్ళు పైన టేటర్ టాట్స్ పేరుస్తారు. ఓర్ ఐడా కంపెనీవారు ఫ్రెంచ్ ఫ్రైస్ కోయగా మిగిలిన దుంపతునకలను పారెయ్యలేక 1953లో కనిపెట్టిన వేలెడంత ఉండలవి. ఇప్పుడు హాట్‌డిష్ అంటే పిల్లలకు అదే. పైన కరకరలాడుతుందని ఒప్పుకుంటాను గాని, ఆ పొరల మెత్తదనం దానికి రాదు. మా అమ్మాయితో నా వాదన ఇంకా తెగలేదు.

నీ చెల్లెలికి ఆదివారం ఆసుపత్రిలో పగటి డ్యూటీ. ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటుతుంది. ఆరింటికి పళ్ళెం ఓవెన్‌లో పెట్టేస్తే ఆ తర్వాత పొయ్యి దగ్గర నిలబడవలసిన పని లేదు. మన వంట మనిషిని కదలనివ్వదు కదా. ఇది పెట్టి, పిల్లలచేత లెక్కలు చేయించి, వాకిట్లో మంచు ఎత్తిపోసి వచ్చేసరికి ఇల్లంతా వెన్న, మిరియాల వాసన. ఈ రోజు ఆమె కోటు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి, పళ్ళెం అంచున చీజ్ మాడి అంటుకున్న చెక్కును గోటితో గిల్లుకొని నిలబడే తిన్నది. ఆ చెక్కు కోసం మా ఇంట్లో రోజూ గొడవే. మూలల్లో నాలుగే ముక్కలుంటాయి, అమ్మ వచ్చినప్పటినుండి తినేవాళ్ళం అయిదుగురం.

అమ్మ సంగతి చెప్పాలి. వచ్చిన కొత్తలో దీన్ని చూసి, “పాపం, కైమాకు ఇంత అన్యాయమా” అన్నది. పిల్లలు చూడకుండా కారం చల్లబోతే వద్దన్నాను. ఒకసారి లోపల వేసి చెడగొట్టినవాణ్ణి, ఇక వెయ్యనివ్వను. ఆమె ఊరుకుంటుందా? సంచిలోంచి ఊరమిరపకాయలు తీసి వేయించుకొని పక్కన పెట్టుకుంది. ఒక ముద్ద హాట్‌డిష్, ఒక కొరుకు మిరపకాయ. నేనూ ఒకటి తీసుకొని చూశాను. లోపలి కమ్మదనం అలాగే ఉంది, నాలుకకు మాత్రం మెలకువ వచ్చింది. ఇప్పుడు మా బల్లమీద హాట్‌డిష్ పక్కన మిరపకాయల గిన్నె లేకపోతే అమ్మాయి కూడా అడుగుతున్నది.

చివరిగా ఒక జాగ్రత్త. పోయిన శీతాకాలంలో ముందురోజే పేర్చి ఫ్రిజ్‌లో పెట్టిన గాజుపళ్ళాన్ని తీసినది తీసినట్టు వేడి ఓవెన్‌లోకి తోశాను. ఠప్పుమని రెండుగా చీలింది. ఆ రాత్రి ఓవెన్ అడుగున మాడిన గుజ్జు గోకుతూ కూర్చున్నాను, మేము బ్రెడ్డు తిన్నాం. కాబట్టి నీది గాజుదైతే బయట ఒక గంట ఉంచి పెట్టు, లేదా అల్యూమినియం పళ్ళెం కొనుక్కో. అయితే మా కొలత పళ్ళెం నీ ఓటీజీలో పట్టకపోవచ్చు. టేపు పెట్టి లోపలి వెడల్పు, లోతు చూసి రాయి, పాళ్ళు దానికి సరిపడా తగ్గించి పంపిస్తాను. అప్పటిదాకా అప్పడాలు కాల్చుకోండి.

చెల్లెమ్మకు, పిల్లలకు మా అందరి వందనాలు. అమ్మ నిన్ను ప్రత్యేకంగా అడిగినట్టు రాయమన్నది.

నీ
జాన్