చెరువు హద్దు మే నెలలో కొలిపించకండి: గంజాం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఛత్రపురం పక్కనున్న తంపర సరస్సు 300 హెక్టార్ల రామ్‌సర్ (అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన) చిత్తడి నేల. దాని బాగోగులు ఢిల్లీ దాకా అడుగుతారు. పంచాయతీ చెరువుల సంగతి వేరు. సాగునీటికీ తాగునీటికీ చేపల పెంపకానికీ తవ్విన చెరువులు 2017 చిత్తడి నేలల నిబంధనల కిందికే రావు. వాటికి పంచాయతీయే దిక్కు. చిన్న నీటిపారుదల, చేపల పెంపకం రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో ఉన్న పద్దులే కదా!

ముందు హద్దు తేలాలి. 2.25 హెక్టార్లు దాటిన చిత్తడి నేలలను స్థలానికి వెళ్లి గుర్తించాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది. అయితే ఏ నెలలో కొలుస్తారన్నది కీలకం. అమీను (భూమి కొలిచే ఉద్యోగి) మే నెలలో వస్తే ఎండిన శిఖం, అంటే చెరువు గర్భమంతా ఖాళీ జాగాగా కనిపిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో అలుగు పారేటప్పుడు నీటి అంచున గుంజలు పాతించండి. నీరు తగ్గాక వాటి వెంటే కొలిపించండి. ఆ పటాన్ని పల్లిసభలో (ఊరి సభలో) పరిచి, రికార్డులో కిసం (భూమి రకం) ఏమని ఉందో అక్కడే చూడాలి. తంపరకూ ఇదే మాట వర్తిస్తుంది. 2017 నిబంధనల ప్రకారం, అవి అమల్లోకి వచ్చేనాటికి గడిచిన పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు పడవ రేవు తప్ప శాశ్వత కట్టడం కూడదు. ఆ మట్టం తప్పుగా గీస్తే 50 మీటర్లూ తప్పే.

పూడిక పేరుతో జేసీబీ చెరువును బావిలా నిలువునా కోసేస్తోంది. కొంగలు మేత వెతికేదీ, చేపలు గుడ్లు పెట్టేదీ మోకాలి లోతు అంచుల్లోనే. కనీసం మూడో వంతు అంచును ఏటవాలుగా వదిలేయాలి. అడుగున బంకమట్టి పొర తగలగానే తవ్వకం ఆపాలి, అది చిరిగితే నీరు నిలవదు. టైల్సు, రెయిలింగులు తర్వాత చూసుకోవచ్చు.

గుర్రపు డెక్క తీయించడంలో డబ్బు ఎక్కువగా వృథా అవుతోంది. వేడి, మురుగు రెండూ దొరికితే అది రెండు వారాల్లో రెట్టింపవుతుంది. గింజ బురదలో ఏళ్ల తరబడి బతుకుతుంది. కాబట్టి పూత రాకముందే, జూన్‌లోపు తీయాలి. వెదురు బొంగులకు తాడు కట్టి నీటి మీద అడ్డం వేస్తే తీసిన చోటికి మళ్లీ కొట్టుకురాదు. గట్టు మీదే పోగేస్తే తొలి వానకే తిరిగి చెరువులో పడుతుంది. నీళ్లలోనే నరికి వదిలితే కుళ్లి ప్రాణవాయువు లాగేస్తుంది, తెల్లవారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. వరద అందని మెరక మీద పేడతో పొరలుగా వేస్తే ఎరువవుతుంది. మురుగు చేరే చెరువైతే ఆ ఎరువును పరీక్ష చేయించాకే పొలానికి ఇవ్వాలి. మురుగు కాలువను మళ్లించకుండా డెక్క మాత్రమే తీయిస్తే ఏటా అదే బిల్లు.

చేపల లీజు కాగితంలో ఒక్క షరతు చేర్పించండి. చివరి నెలల్లో మోటార్లు పెట్టి అడుగంటా తోడేయకూడదు. మదుము (తూము) దగ్గర రాతి మీద గీత గీసి, నీరు దాని కిందికి దిగితే ధరావతు జప్తు చేయాలి. వచ్చే వేలానికల్లా ఈ షరతు ఉండాలి.

ఇట్లు,
గంజాం జిల్లా తెలుగు రైతులు, మత్స్యకారులు