చిట్టికి నాన్న రాసేది

చిట్టీ, ఎలా ఉన్నారమ్మా? మేం బానే ఉన్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. మాగాయ పంపించాం, అందిందో లేదో నువ్వు చెప్పనేలేదు, ఈమధ్య ఎప్పుడు చేసినా ఫోన్ అల్లుడుగారే ఎత్తుతున్నారు.

మొన్న పెళ్ళిలో మీ కాకినాడ పిన్ని, చిట్టి ఉద్యోగం మానేసిందంట కదా బావగారూ, పిల్లాడికి ఇంట్లోనే చదువు చెప్పుకోడానికి, అంది. నేనేం మాట్లాడలేదు. సరే, అది తర్వాత మాట్లాడుకుందాం.

బుజ్జిగాడి చదువు గురించి నాకు బెంగలేదు. వరదలప్పుడు వచ్చాడు కదా, టీవీలో భద్రాచలం 43 అడుగులు, మొదటి హెచ్చరిక అని వస్తుంటే మరి మన ధవళేశ్వరంలో ఎంత తాతా అన్నాడు. మొదటిది 11.75, రెండోది 13.75, మూడోది 17.75 అని చెప్పా. అక్కడ 43 ఇక్కడ పదకొండేంటి, నీళ్ళన్నీ ఎటు పోయాయి అని ఒకటే గోల. నీటిమట్టం కొలిచే గేజీకి సున్నా ఒక్కోచోట ఒక్కో ఎత్తులో ఉంటుంది, ఇక్కడ గోదారి వెడల్పు కూడా ఎక్కువ అని చెప్తే, నా పాత డైరీ తీసుకుని టీవీలో మట్టం చెప్పినప్పుడల్లా రాయడం మొదలెట్టాడు. పాయింట్ డెబ్భై ఐదంటే ముప్పావడుగు, అంటే తొమ్మిది అంగుళాలు కదా అని వాడే అన్నాడు, నేను చెప్పలేదు. ఇప్పుడు 12.4 ఉంది, రెండో హెచ్చరికకి ఇంకా 1.35 అడుగులు అని అర్ధరాత్రి లేపి మరీ చెప్పాడు చిట్టీ! వరద తగ్గాక స్కూటర్ మీద బ్యారేజీకి తీసుకెళ్తే మొత్తం 175 గేట్లూ లెక్కపెడతానని కూర్చున్నాడు, మధ్యలో లారీ అడ్డమొచ్చి తప్పిపోతే మళ్ళీ మొదట్నించీ.

కానీ ఇష్టంలేనివి కూడా నేర్చుకోవాలమ్మా. వాడి తెలుగు దస్తూరీ చూశావా, ఒత్తులు ఎక్కడివక్కడే గాల్లో ఉంటాయి, రోజూ ఒక పేజీ రాయించు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాలంటే 14 నిండాలి, ఐదేళ్ళలో తొమ్మిదిసార్లు రాసుకోవచ్చు కాబట్టి కంగారేం లేదు, కాకపోతే ఆధార్‌లో, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకో, ఆఖర్న పరిగెత్తొద్దు. సాయంత్రం వాణ్ణి పిల్లల్తో ఆడుకోడానికి వదులు. నువ్వూ కాసేపు బయటికెళ్ళు, రోజంతా ఇంట్లోనే ఉంటే మనిషి చిక్కిపోతుంది. మధ్యాహ్నం వేళకి తింటున్నావా?

ఇంతకీ ఉద్యోగం సంగతి పిన్ని చెప్పింది నిజమేనా? నిజమైతే అయింది, నేనేమీ అనను. పీఎఫ్ మాత్రం ముట్టుకోకు, సర్వీసు ఐదేళ్ళు నిండకుండా తీస్తే టాక్స్ పడుద్ది. ఇంటి లోన్ ఈఎమ్ఐకి ఇబ్బందైతే నాకు చెప్పు, అల్లుడుగారు మొహమాటపడతారు, నువ్వు పడకు.

నాన్న