మామకి, ఆ కుంకుమ రిపోర్టు గురించి

తిరుపతి

ఒరేయ్ మామా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు చూశాను. ఫోన్లో చెబుదామంటే అంగట్లో బేరం మీదుంటావు, ఊఁ కొడతావు గానీ వినవు. అందుకే రాస్తున్నాను, రాత్రి తీరిగ్గా చదువు.

"సీసం: నాట్ డిటెక్టెడ్" అని చూసి సంబరపడ్డావు కదా. సీసం లేదని కాదురా దాని అర్థం, ఆ మిషన్‌కి కనబడలేదని. ఎంత తక్కువ దాకా కనిపెట్టగలదో పక్కనే అంకె ఉండాలి. 0.05 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు) కూడా పట్టే మిషన్‌కి కనబడకపోతే ఒక లెక్క, 50 పీపీఎం కన్నా తక్కువుంటే కనిపెట్టలేని మిషన్‌కి కనబడకపోతే ఇంకో లెక్క. నీ రిపోర్టులో ఆ అంకె లేదు, ఏ పద్ధతిలో చేశారో లేదు. అడుగున చిన్నక్షరాల్లో "పార్టీ తెచ్చి ఇచ్చిన శాంపుల్" అని మాత్రం ఉంది. అంటే సప్లయర్ ఏరి ఇచ్చిన పొట్లానికే ఆ మాట వర్తిస్తుంది, నీ అంగట్లో దిగిన మూటకి కాదు.

పసుపూ సున్నమూ కలిపి చేసే కుంకుమతో నాకు బెంగ లేదు. రంగు ధగధగలాడాలని ఎర్ర సీసం కలిపేవాళ్ళతోనే. 2017లో అమెరికాలో రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు న్యూజెర్సీ, ముంబై, ఢిల్లీ అంగళ్ళలో కొన్న 118 సింధూరం శాంపుళ్ళు పరీక్షిస్తే, నూటికి ఎనభై దాకా వాటిలో గ్రాముకి ఒక మైక్రోగ్రామో అంతకన్నా ఎక్కువో సీసం తేలింది. పసుపుకైతే లెడ్ క్రోమేట్ అనే సీసపు పసుపురంగు కలుపుతారు. అది నీళ్ళలో దాదాపు కరగదు, కాబట్టి గ్లాసులో వేసి రంగు చూసే పరీక్షని నమ్ముకోవద్దు.

మా ల్యాబులో పని ఎలా జరుగుతుందో చెబితే నీకే అర్థమవుతుంది. అర గ్రాము పొడి టెఫ్లాన్ గిన్నెలో వేసి, నైట్రిక్ యాసిడ్ పోసి, మూత బిగించి మైక్రోవేవ్‌లో పెడతాం. మూత తీస్తే గోధుమరంగు పొగ లేస్తుంది. అది పోయాక గిన్నెని వెలుతురుకి పట్టి చూస్తాను. అడుగున ఇసకలాంటిది మిగిలిందంటే నాకు టెన్షన్, అందులో ఎంత సీసం ఉండిపోయిందో మిషన్‌కి తెలియదు. పక్కనే ఉత్త యాసిడ్ పోసిన గిన్నె ఒకటి పెడతాం. అందులోనూ సీసం కనబడితే అది మా గిన్నెదో యాసిడ్‌దో, మీ కుంకుమది కాదు. ఇంకో గిన్నెలో తెలిసినంత సీసం మేమే వేస్తాం. వేసిన వందలో అరవయ్యే తిరిగొస్తే ఆ రోజు రిపోర్టు ఇవ్వకూడదు. ఇవన్నీ చెయ్యకుండా వచ్చే అంకెని నేను లెక్కలోకే తీసుకోను.

ఇంతా చేసి ఆ అర గ్రాము మూట మొత్తానికి సాక్ష్యం చెప్పాలి! కల్తీ రంగు అంతటా సమంగా కలవదు. మూటలో పైనా మధ్యా అడుగునా తీసి కలిపి, కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకుని మళ్ళీ కలుపుతూ పోవాలి. రిపోర్టు తప్పిందంటే నేను మొదట అనుమానించేది మిషన్‌ని కాదు, ఈ తీయడాన్నే.

మ్యాగీ నూడుల్స్ గొడవ గుర్తుందా? ఉత్తరప్రదేశ్ బారాబంకిలో తీసిన శాంపుల్‌లో కోల్‌కతా ల్యాబు 17.2 పీపీఎం సీసం ఉందంది, హద్దు 2.5. 2015 జూన్‌లో దేశమంతా నిషేధం పెట్టారు. ఆగస్టులో బాంబే హైకోర్టు, పరీక్షలు చేసిన ల్యాబులకి తగిన గుర్తింపు లేదని నిషేధం కొట్టేసి, మొహాలీ, జైపూర్, హైదరాబాద్ ల్యాబుల్లో మళ్ళీ చేయించమంది. అక్కడ సీసం హద్దులోపే వచ్చింది. గుర్తింపున్న ల్యాబు అని బోర్డు ఉంటే సరిపోదు. నీళ్ళ పరీక్షకి ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్నంత మాత్రాన కుంకుమకి ఉన్నట్టు కాదు, ఏయే పరీక్షలకి ఇచ్చారో జాబితా ఉంటుంది, అది చూడాలి.

సీసం ఉందేమో చూడ్డానికి చెల్లెమ్మ కొన్న ఇత్తడి గిన్నెని బంగారం అంగట్లో కేరట్ మీటర్ కింద పెట్టించావట. ఆ ఎక్స్-రే పైపొరనే చూస్తుందిరా. కళాయి పూసిన చోట పెడితే కళాయి గురించే ఎక్కువ చెబుతుంది, అదీ సీసం ఎంత ఉందని చెబుతుంది గానీ చారులోకి ఎంత దిగుతుందని చెప్పదు. పింగాణీ గిన్నెలకైతే 4 శాతం ఎసిటిక్ యాసిడ్ పోసి 24 గంటలు ఉంచి, ఆ ద్రవంలోకి ఎంత దిగిందో చూస్తారు. మన చింతపండు చారేమో పొయ్యి మీద మరుగుతుంది. పరీక్ష తేలేదాకా పులుపు వండేది స్టీలు గిన్నెలోనే అని చెల్లెమ్మతో నేను గట్టిగా చెప్పానని చెప్పు. ఇంట్లో పసిబిడ్డ ఉంది. పెద్దల కంటే పిల్లల ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది, మెదడు మీద పని చేస్తుంది, ఇంతైతే ఫర్వాలేదు అనే హద్దు డబ్ల్యూహెచ్‌వో కూడా చెప్పలేదు.

నీ అంగడి కుంకుమ ఎంతమంది తల్లులు బిడ్డల నుదుట పెడతారో ఆలోచించు. సప్లయర్‌ని బ్యాచ్ నంబరు, పద్ధతి, కనిపెట్టే హద్దు, మూడూ రాసిన రిపోర్టు అడుగు. ఇవ్వనంటే ఆ సరుకు ఎంత చౌకైనా దించుకోవద్దు. ఇప్పుడున్న మూట నుంచి నేను చెప్పినట్టు తీసి, కొత్త జిప్ కవర్లో వేసి, తేదీ రాసి పంపు. సగం నువ్వు సీలు వేసి దాచిపెట్టు, రేపు మాట తేడా వస్తే చూపడానికి ఉండాలి. ఆ మూట సరుకు అప్పటిదాకా అమ్మొద్దు.

అమ్మని అడిగానని చెప్పు. శనివారం లోపల కవరు పంపితే సోమవారం మిషన్ మీద పెడతాను.

ఉంటానురా.