కాఫ్కాని వదలని పబ్లిషర్

ఒరేయ్ సీనూ,

లేటైంది, తిట్టుకునే ఉంటావ్, తిట్టుకో. ఇక్కడందరం బానే ఉన్నాం, అమ్మ మోకాళ్ళ నొప్పులు మామూలే, పెద్దాడికి పరీక్షలు. అవన్నీ సరే గానీ అసలు సంగతి విను, కుర్ట్ వోల్ఫ్ అని ఒక జర్మన్ పబ్లిషరున్నాడు, నీకు చెప్పకపోతే నిద్రపట్టేలా లేదు.

1912 జూన్‌లో లైప్‌జిగ్‌లో ఈయనకి పాతికేళ్ళు, రోవోల్ట్ అనే ఆయనతో కలిసి కంపెనీ నడుపుతున్నాడు. మాక్స్ బ్రోడ్ అనే రచయిత ప్రాగ్ నుంచి ఒక ఫ్రెండుని లాక్కొచ్చాడు. ఎవరనుకున్నావ్, తర్వాత ప్రపంచమంతా చదివిన రచయిత కాఫ్కా! బ్రోడేమో కొత్త హీరోని నిర్మాతకి చూపించే మేనేజర్లా హడావిడి, కాఫ్కాకేమో సిగ్గుతో నోట మాట లేదు. వెళ్తూ వెళ్తూ ఏమన్నాడో తెలుసా, నా రాతలు అచ్చేసినదానికన్నా తిప్పి పంపేస్తే మీకు ఎక్కువ రుణపడి ఉంటానని! పబ్లిషర్ మొహం మీదే! వోల్ఫే తర్వాత చెప్పుకున్నాడు ఈ మాట.

అయినా వేశారు. పద్దెనిమిది బుల్లి బుల్లి రచనలు, 800 కాపీలు, పేజీలు నిండాలి కదా, ఇంతింత అక్షరాలు. మన మార్జిన్ మాస్టారు చూసుంటే సున్నా పెట్టేవాడు, హహ. అమ్మకాలు అంతంతే, అయినా వోల్ఫ్ వదల్లా. 1921లో ఉత్తరం కూడా రాశాడు, మా రచయితల్లో మీ అంత తక్కువగా మమ్మల్ని అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు, రాసిందేదైనా పంపండి అని. పబ్లిషరే రచయితని బతిమాలడం, చూశావా ఎక్కడైనా? డబ్బులు మాత్రం ఠాగూర్ తెచ్చాడులే, నోబెల్ తర్వాత జర్మన్లో ఆయన్ని వేసింది ఈ కంపెనీయే.

తర్వాత చదివితే మనసు పాడైపోయింది రా. 1930లో కంపెనీ వదిలేశాడు, హిట్లర్ రావడంతో 1933లో దేశమే వదిలేశాడు. ఇటలీ, ఫ్రాన్స్ తిరిగి 1941లో న్యూయార్క్, మర్నాడే అన్నట్టు 1942లో పాంథియాన్ అనే పబ్లిషింగ్ కంపెనీ మొదలెట్టాడు, యాభై దాటాక, పరాయి భాషలో! 1958లో డాక్టర్ జివాగో అనే రష్యన్ నవల అమెరికాలో వేసింది వాళ్ళే. ఇన్ని దాటిన మనిషి 1963లో జర్మనీ వెళ్తే ట్రక్కు గుద్ది పోయాడు.

నువ్వు బీరువాలో దాచిన కవితల నోటుబుక్కు సంగతేంటి? నన్ను బతిమాలించుకోకు, నేను వోల్ఫుని కాదు, నా దగ్గర ఠాగూర్ కూడా లేడు.

ఆయన భార్య హెలెన్ గురించి అసలు చెప్పనే లేదు, ఆయన పోయాక కూడా ఆవిడ పుస్తకాలు వేస్తూనే ఉంది, ఆవిడ లేకపోతే అసలు... అమ్మో, ట్యూషన్ నుంచి పెద్దాణ్ణి తేవాలి, ఉంటా.

నీ రాజు