నాలుగో అంతస్తు మీదికి వాషింగ్ మెషిన్

ఒరేయ్ మామా,

ముందు తిట్టేయ్, తర్వాత చదువు. నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యమైనందుకు నిజంగా సారీరా. రోజూ రాత్రి రాద్దామని కూర్చోవడం, రిపోర్టు గుర్తొచ్చి లాప్‌టాప్ తెరవడం, అంతే. కానీ ఇవాళ చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మామూలు కబుర్లు గబగబా: ఒంట్లో బాగుంది. థీసిస్ టాపిక్ ఇంకా తేలలేదు. జర్మనీ వీసా కోసం ముందే డబ్బు వేసిపెట్టిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి 992 యూరోలు వేళకి పడుతున్నాయి. వారాంతాల్లో గోడౌన్ పని దొరికింది, 2024 నుంచి ఇక్కడ నాలాంటి విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు కాబట్టి ఆ బెంగ లేదు. మా ఊరు లైప్‌జిగ్‌లో ఈ చలికాలం నాలుగున్నరకే చీకటి. అమ్మకి ఫోన్ చేస్తూనే ఉన్నాను, నువ్వు మళ్లీ అడగక్కర్లేదు.

ఇక అసలు సంగతి. మా ప్రాజెక్టు గ్రూపులో ఒకమ్మాయి ఉందని రాశాను కదా. ఆగు, నువ్వేమనుకుంటున్నావో తెలుసు, ఆ కథ కాదు, నీ ప్రేమ జోకులు ఇక్కడ పనికిరావు. ఆ అమ్మాయి, వాళ్ల బాయ్‌ఫ్రెండ్ కలిసి వేరే ఇంట్లోకి మారుతున్నారు. శనివారం పొద్దున్న సాయానికి వస్తావా అని నన్ను విడిగా అడిగింది.

ఇందులో ఏముంది అంటావు. ఇన్నాళ్లూ ఎలా గడిచిందో నీకు పూర్తిగా రాయలేదు రా. క్లాసులో అందరూ మంచివాళ్లే. నోట్సు అడిగితే ఇస్తారు, డౌట్ వస్తే ఓపిగ్గా చెబుతారు. క్లాసు అయిపోగానే ఎవరి సైకిల్ వాళ్లది. ఒకసారి కాఫీకి వెళ్దామా అంటే ఫోన్‌లో క్యాలెండర్ తీసి, మూడు వారాల తర్వాత గురువారం అయితే కుదురుతుంది అన్నాడొకడు. అన్నమాట ప్రకారం ఆ గురువారం సరిగ్గా వచ్చాడు కూడా! కానీ ఈలోపు ఆదివారాలు... షాపులన్నీ మూసేసి, వీధిలో చప్పుడే లేక, హాస్టల్ గదిలో నేనూ హీటరూ. సరే, అది వదిలెయ్.

శనివారం తొమ్మిదింటికల్లా వెళ్లాను. కొత్త ఇల్లు కార్ల్ లీబ్‌క్నెష్ట్ వీధి పక్క సందులో. వందేళ్లు దాటిన భవనం, చెక్క మెట్లు, లిఫ్ట్ లేదు, వీళ్లది నాలుగో అంతస్తు. వ్యాను ఆపుకోవడానికి ముందే కార్పొరేషన్ నుంచి అనుమతి తెచ్చుకుని ఇంటి ముందు నో పార్కింగ్ బోర్డులు పెట్టించారు. పైకెళ్లి చూస్తే వంటగదిలో ఏమీ లేదురా. స్టవ్వు లేదు, సింకు లేదు, గోడలోంచి రెండు గొట్టాలు, పైన కప్పు నుంచి వేలాడే వైర్లు. ఇక్కడ చాలా ఇళ్లలో అంతేనట, ఖాళీ చేసేవాళ్లు వంటగదిని కూడా ఊడదీసుకుని పట్టుకుపోతారు. అంటే మేం మోయాల్సింది మంచాలూ బీరువాలూ మాత్రమే కాదు, ఒక వంటగది మొత్తం!

కూలీలెవరూ లేరు, అందరూ స్నేహితులే. సామానంతా సూపర్ మార్కెట్ నుంచి అడిగి తెచ్చుకున్న అరటిపండ్ల అట్టపెట్టెల్లో సర్దారు. చేతులు పట్టడానికి రెండు పక్కలా కంతలుంటాయి, అడుగున కూడా పెద్ద కంత, అక్కడ దినపత్రిక మడిచి వేశారు. కింది నుంచి పైదాకా మెట్ల మీద ఒక్కొక్కళ్లం నిలబడ్డాం. పెట్టె కిందివాళ్ల దగ్గర అందుకోవడం, నాలుగు మెట్లెక్కి పైవాడికి అందించడం, దిగడం. నా పైన ఒక పొడుగాటివాడు, కింద నర్సింగ్ చదివే అమ్మాయి. ఒక్కో పెట్టెకి ఒక్కో ముక్క మాట. వాడు ‘మా తాత బొగ్గు గనిలో చేసేవాడు’ అంటాడు, పెట్టె పట్టుకుని పైకి పోతాడు. మళ్లీ దిగొచ్చి ‘ఆ గనే ఇప్పుడు చెరువు’ అంటాడు. కోస్పుడెనర్ సరస్సు అని ఊరికి దక్షిణాన ఉందిలే, గని గొయ్యి నీళ్లతో నిండి అలా అయింది. ఇంకో పెట్టె తర్వాత ‘ఎండాకాలంలో ఈతకి వస్తావుగా’ అన్నాడు. క్యాలెండర్ తీయలేదు మామా!

అప్పుడొచ్చింది వాషింగ్ మెషిన్. లోపల కాంక్రీటు దిమ్మ ఉంటుంది కదా, గుండు బరువు. పట్టీలు భుజాలకి తగిలించుకుని నేనూ పొడుగువాడూ ఎత్తాం. రెండో అంతస్తు మలుపులో ఇద్దరి కాళ్లూ ఒకేసారి పడక అది అటూ ఇటూ ఊగుతోంది. నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, ‘ఐలెస్సా!’ అని. నీ బండి ఆ రాత్రి కాలవలోంచి లాగినప్పటి గొంతుతో, గుర్తుందా? వాడు ఒక్క క్షణం చూసి ‘హైలెస్సా’ అన్నాడు, నేను మళ్లీ అన్నాను, ఈసారి కింది నుంచి పైదాకా మెట్ల మీద ఉన్నవాళ్లంతా అందుకున్నారు! ఒరేయ్, లైప్‌జిగ్‌లో పాత ఇంటి మెట్ల మీద పదిమంది జర్మన్లు ఐలెస్సా అంటుంటే నాకు ఒళ్లు జలదరించింది. మెషిన్ పైకి చేరిపోయింది. సోఫాకీ అదే, ఫ్రిజ్‌కీ అదే.

ఈ గోలకి మొదటి అంతస్తు మామ్మగారు తలుపు తీశారు. అయిపోయింది, తిడతారు అనుకున్నాం. ఆవిడ సాయంత్రం పైకొచ్చి రొట్టె, చిన్న సీసాలో ఉప్పు చేతిలో పెట్టారు, కొత్త కాపురానికి అలా ఇవ్వడం వీళ్ల ఆనవాయితీ. కుర్చీలింకా విప్పలేదు, ఒక పెట్టె తిరగేసి కూర్చోబెట్టాం. 1989 అక్టోబర్ 9న ఈ ఇంటి నుంచే బయల్దేరి, అప్పటి తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపులో నడిచారట, ఆ రోజు రింగ్ రోడ్డు మీద డెబ్బై వేలమంది. కాల్పులు జరుగుతాయని ఊరంతా భయమే. పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి చేయి పట్టుకుని నడిచానన్నారు. అందరం నేల మీద కూర్చుని పప్పు సూప్ తాగుతూ విన్నాం. నా పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరి గిన్నెలో ఎవరు తిన్నారో కూడా తెలీదు. ఎన్నాళ్ల తర్వాత రా అలాంటి రాత్రి!

ఇక్కడివాళ్లు పార్టీకి ఎవరినైనా పిలుస్తారు. బరువు మోయడానికి పిలిచారంటే మనవాడు అనుకున్నట్టే, నాకలాగే అనిపిస్తోంది. వచ్చే నెల పొడుగువాడు ఇల్లు మారుతున్నాడు. నన్ను అడగనుకూడా లేదు, లిస్టులో పేరు రాసేశాడు, పక్కన ‘ఐలెస్సా’ అని.

నీ ఇంటర్వ్యూ ఏమైంది? చిన్నక్క పెళ్లి తేదీ ఖాయమైందా? అన్నీ వివరంగా రాయి, నాలాగా ఒక్క లైనులో తేల్చొద్దు. ఆ మామ్మగారు వెళ్తూ వెళ్తూ వాళ్లాయన గురించి ఇంకో సంగతి చెప్పారు, అది నీకు తప్పకుండా... అమ్మో, షిఫ్టుకి టైమైపోయింది, 11 నంబరు ట్రామ్ తప్పిపోతుంది. ఉంటా!